ఆరు టైర్లకు ఆరు చరణాలు

ప్రాణాపాయంలో ఉన్న భార్యను బండిలో పడుకోబెట్టుకుని పోతూ, నడిదారిలో ఆపి, టైర్లలో గాలి తీస్తూ పాట పాడిన మొగుణ్ని మీరేమంటారు?

తొందరపడి చెప్పకండి. నల్లగట్టుపల్లి అలాగే తొందరపడింది. ఆ ఊళ్లో సాంసన్‌ను ఎవరూ పంచాయతీకి పిలవలేదు, కేసు పెట్టలేదు, ఎదురుగా నిలబెట్టి ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే తన జవాబేదో తాను చెప్పుకునేవాడు. విచారణ లేకుండానే తీర్పు వచ్చేసింది. అతని డీసీఎం లారీ ఎక్కేవాళ్లు ఇప్పటికీ ఎక్కుతారు. పల్లికాయ బస్తాల మీద, మేకపిల్లల మధ్య, వెనక తొట్టిలో నిలబడి వస్తారు. ముందు క్యాబిన్‌లో అతని పక్కన మాత్రం ఎవరూ కూర్చోరు. వాన పడుతున్నా నెత్తిన ఖాళీ సంచి కప్పుకుని వెనకే తడుస్తారు. నాలుగేళ్లుగా ఆ పక్కసీటు మీద సాంసన్ తువ్వాల, సద్దిగిన్నె తప్ప మరేమీ లేదు.

నల్లగట్టుపల్లి నుంచి కోడేరు పోవాలంటే పెద్దవాగు దాటాలి. దాటడమంటే ఈ ఒడ్డున దిగి ఆ ఒడ్డున ఎక్కడం కాదు. వాగుకు రెండు పక్కలా నిలువు బండలే. బండి దిగడానికి ఊరివైపు ఒక్కచోట, ఎక్కడానికి అవతలివైపు ఒక్కచోట మాత్రమే వీలుంది. ఆ రెండింటి మధ్య వాగు వెంబడి మైలు దూరం ఉత్త ఇసుక. వానాకాలంలో రెండు నెలలు నీళ్లు పారతాయి, మిగతా పది నెలలూ ఇసుకే. చుట్టూ తిరిగిపోయే గతుకుల బాట ఒకటుంది గానీ అది ముప్పై కిలోమీటర్లు ఎక్కువ. బరువు బండ్లు ఆ దారినే పోతాయి, తొందరున్న మనుషులు వాగును నమ్ముకుంటారు. వంతెన మంజూరైందని పదకొండేళ్ల కిందట ఒడ్డున రాతి పలక పాతారు. పలక మీది పేర్లలో ఒక్కరూ వాగు దాటి చూసినవాళ్లు కారు. ఇప్పుడు మేకలు దానికి ఒళ్లు రుద్దుకుంటాయి. సాంసన్ భార్య ప్రేమలత చావుకు కారణం వెతికినప్పుడు ఆ పలకను బోనెక్కించాలని ఎవరికీ తోచలేదు. మనిషిని ఎక్కించడమే సులువు.

ఇసుకలో బండి నడపడం సాంసన్ నేర్చుకున్నది ఈ వాగులో కాదు, సముద్రం ఒడ్డున. పందొమ్మిదో ఏట పాలమూరు కూలీల గుంపుతో కలిసి ఒక ఓడరేవు రాతికట్ట పనికి పోయాడు. అక్కడ బండరాళ్లు మోసే లారీలకు ఒడ్డు ఇసుకే రోడ్డు. గట్టిగా గాలి నింపిన టైరు తారు రోడ్డు మీద పరుగెత్తుతుంది గానీ ఇసుకలో గునపంలా దిగిపోతుంది. గాలి సగానికి పైగా తీసేస్తే అదే టైరు కిందివైపు వెడల్పుగా పరుచుకుని, బరువును పంచుకుని, ఇసుక పైపైనే సాగిపోతుంది. ఈ మర్మం చెప్పినవాడు వనపర్తి వాడైన ఖాజా మియా. ఆ గుంపులో తన జిల్లా మాట మాట్లాడే డ్రైవరు అతనొక్కడే. ఉప్పుగాలికి గాలి కొలిచే గేజీలు తుప్పు పట్టి అబద్ధాలు చెబుతాయని ఖాజా మియా వాటిని నమ్మేవాడు కాడు. వాల్వులోని పిన్నును మేకు మొనతో ఒత్తిపట్టి, నోట్లో బీడీ సగం కాలేదాకా గాలి వదిలేవాడు. ఒక్కో టైరుకు సగం బీడీ.

“నువ్వు బీడీ తాగవు. మరి ఎట్ల కొలుస్తవ్ రా?” అని అడిగాడు ఒకనాడు.

“పాట పాడుకుంట చాచా. మా అమ్మ నేర్పిన కీర్తన. ఆరు చరణాలుంటయి. నిమ్మళంగ పాడితే చరణానికి రెండు నిమిషాలు.”

ఖాజా మియా పొట్ట పట్టుకుని నవ్వాడు. “బాగుంది. నా బీడీ గాలికి ఆరుతది, నీ పాట ఆరది. కానీ ఆకలైన పొద్దు జల్ది జల్ది పాడకు బేటా, ఇద్దరం ఇసుకలనే కూసుంటం.” నవ్వు ఆపి, వేలు చూపించి మరో మాట చెప్పాడు. “ఇంకొకటి యాదికి పెట్టుకో. అన్ని టైర్లకు ఒక్క చెయ్యే తగలాలె. నలుగురు ముట్టిన బండి ఒక దిక్కు గుంజుతది, బోర్ల పడతది.”

ఆ మాటను సాంసన్ బైబిలు వాక్యంలాగే పట్టుకున్నాడు. ఊరికి తిరిగొచ్చాడు, ప్రేమలతను పెళ్లి చేసుకున్నాడు, కొన్నాళ్లకు పాత డీసీఎం ఒకటి కొన్నాడు. ముందు రెండు, వెనక జంట చక్రాలు నాలుగు. ఆరు టైర్లు, ఆరు చరణాలు. వాగు దిగే చోట ఆగడం, మేకు తీయడం, కీర్తన అందుకోవడం అతనికి ఊపిరి తీసినంత అలవాటైంది. చూస్తూ నిలబడ్డవాళ్లు “జర మాకు గూడ చూపియ్యరాదే” అంటే, “మీరు ముట్టకుండ్రి, అదే పదివేలు” అని నవ్వేవాడు. పిల్లలకు ఆ పాట వినపడితే వాగు దాటే బండి బయలుదేరుతున్నదని గుర్తు.

నాలుగేళ్ల కిందట, ఫిబ్రవరి ఆఖరున, చేనులో పల్లికాయ పీకుతున్న ప్రేమలతను మణికట్టు మీద నాగుపాము కాటేసింది. తెల్లవారి ఇంకా ఎండ ఎక్కలేదు. 108కి ఫోన్ చేస్తే అవతలి ఒడ్డుకు రావడానికి ముప్పావు గంట పడుతుందన్నారు. బండి ఇంటి ముందే ఉంది. ఆ పూట బస్తాలెత్తి చుట్టుదారిన వనపర్తి మార్కెట్‌కు పోవాలని ముందురోజే ఆరు టైర్లలోనూ గట్టిగా గాలి నింపి పెట్టాడు. తొట్టిలో గొంగడి పరిచి భార్యను పడుకోబెట్టాడు. ఆమె తమ్ముడు మాసయ్య, కూతురు స్వరూప వెనక ఎక్కారు. స్వరూపకు అప్పటికి పద్దెనిమిదేళ్లు.

ఊరి నుంచి వాగు దాకా మొనదేలిన రాళ్ల బాట. గాలి తగ్గిన టైర్లను ఆ రాళ్లు చీల్చేస్తాయి కాబట్టి ఇంటి దగ్గరే గాలి తీయడానికి లేదు. వాగు దిగే చోట సాంసన్ బండి ఆపి కిందికి దూకాడు.

“ఆపినవేంది బావా! పోనియ్యి, పోనియ్యి!” మాసయ్య తొట్టి అంచు మీద అరచేతులతో బాదుతున్నాడు.

“గిట్లనే పోనిస్తే నడిమిట్ల దిగబడతది మాసయ్యా. దిగబడితే ఇంక లేవది.”

స్వరూప తొట్టిలో నుంచి వంగి చూసింది. “నాన్నా, నేనేం జేయాలె? చెప్పు, నేను గూడ చేస్త!”

“నువ్వు అమ్మను పట్టుకోని కూసో బిడ్డా. టైరు ముట్టకు.”

మొదటి టైరు దగ్గర మోకరిల్లి మేకు ఒత్తాడు. గాలి బుస్సుమన్నది. పాడాలని అతను అనుకోలేదు. పాడకపోతే కొలత తెలియదు; కొలత తప్పితే ఇసుక బండిని మింగుతుంది. గొంతు తొందరపడకుండా మొదటి చరణం అందుకుంది. ఆ తర్వాత రెండోది, మూడోది. జంట చక్రాల్లో లోపలి టైరు వాల్వు దొరకడానికి చెయ్యి మోచేతి దాకా దూర్చాలి. పైన తొట్టిలో ప్రేమలత మాట ముద్దగా మారుతోంది, రెప్పలు వాలిపోతున్నాయి. కింద ఆమె భర్త నాలుగో చరణం పాడుతున్నాడు. ఆరు చరణాలూ అయ్యాక బండి వాగులో దిగి, ఎక్కడా ఆగకుండా మైలు దూరం దాటింది. మెత్తటి టైర్లతో తారు రోడ్డు ఎక్కి కోడేరు వైపు సగం దూరం పోయేసరికి 108 ఎదురొచ్చింది. వాళ్లు తొట్టిలోకి ఎక్కి చూసి, దిగి, తలలు వంచుకున్నారు.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం స్వరూప ఒకే మాట అన్నది. “అమ్మ సచ్చిపోతుంటే పాట పాడినవ్ గద నాన్నా.”

ఊరికి ఆ ఒక్క మాట చాలు.

అప్పటి నుంచి సాంసన్ పాడలేదు. ప్రార్థన మందిరంలో అందరూ లేచి పాడేటప్పుడు అతని పెదవులు కూడా కదిలేవి కావు. కొన్నాళ్లకు లోపల కూర్చోవడం మాని, బయట చెప్పుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. కోడేరు క్రాస్ రోడ్డు దగ్గర ఖాజా మియా పంక్చరు దుకాణం పెట్టుకున్నాడు. ముసలివాడయ్యాడు, బీడీ మాత్రం మానలేదు. ఆయన దగ్గర ఒక గేజీ తీసుకుని, సాంసన్ దానితోనే గాలి కొలవడం మొదలుపెట్టాడు. టైరు దగ్గర మోకరిల్లి, మూగగా, ముల్లు దిగేదాకా చూసేవాడు.

ఊళ్లో ఉండబుద్ధి కాక బరువు కిరాయిలన్నీ ఒప్పుకునేవాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్, బిజినేపల్లి, ఎంత దూరమైతే అంత మంచిది. వనపర్తి మార్కెట్ గేటు దగ్గర చాయ్ పోసేవాడికి అతని కథ తెలియదు. అందుకే అక్కడ చాయ్‌ను చల్లారేదాకా తాగేవాడు. ఇంట్లో గోడకు కొట్టిన మొలకు ప్రేమలత చీర కుచ్చిళ్ల పిన్నీసులు వేలాడుతూనే ఉన్నాయి. వాటిని తీయడానికి ఒక కారణం, ఉంచడానికి ఒక కారణం వెతికి, రెండూ దొరకక వదిలేశాడు.

స్వరూప నర్సు చదువు చదివి గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. ఏడాదికోసారి, సమాధుల పండుగనాడు వచ్చి, తల్లి సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి, మధ్యాహ్నానికి వెళ్లిపోయేది. రెండో ఏడు వచ్చినప్పుడు, కొవ్వొత్తికి గాలి తగలకుండా అరచేయి అడ్డుపెట్టి, తండ్రి వైపు చూడకుండానే అడిగింది.

“ఆ రోజు గాలి తీసుడుకు ఎంతసేపు పట్టింది నాన్నా?”

పన్నెండు నిమిషాలు. ఆ లెక్క అతనికి నిద్రలోనూ తెలుసు. కానీ ఆ అంకె నోటి నుంచి బయటపడితే, అది తిరిగి తన మీదికే వస్తుందని భయపడ్డాడు.

“పట్టవలసినంత పట్టింది” అన్నాడు.

ఆమె మళ్లీ అడగలేదు. ఆ అడగకపోవడం సాంసన్‌ను తిన్నంతగా ఊరి మౌనం కూడా తినలేదు. తన తరఫు వాదన అతని దగ్గర ఒకటే ఉంది: ఆగకుండా పోయుంటే బండి దిగబడేది, ఆగాను కాబట్టే దాటాను. వెయ్యిసార్లు తిప్పి చూసినా ఆ వాదనలో లోపం కనిపించలేదు. తాను చేసింది న్యాయమే. ఆ నమ్మకం ఒక్కటే తోడుగా నాలుగేళ్లు బతికాడు.

ఈ ఏడు మళ్లీ పల్లికాయ కాలం వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం కాయ విడదీసే మిషన్ బెల్టులో ఊరివాడైన జయరాజు కుడిచెయ్యి పడింది. పైకి తీసేసరికి మోచేతి కింద మాంసం వేలాడుతోంది. ఎంత బిగించి కట్టినా నెత్తురు ఆగడం లేదు. అదే ఊరి శ్రవణ్ కుమార్ తన కొత్త పికప్ బండి తెచ్చి జయరాజును ఎక్కించుకున్నాడు. బండి ముందుకు దూకిస్తూ, అందరికీ వినపడేలా, “నేను పాటలు పాడుకుంట కూసోను” అన్నాడు. అరుగు మీద కూర్చున్న సాంసన్‌కు కూడా అది వినపడింది. అతను లేచి తన బండి తాళం తీసుకున్నాడు.

పికప్ వాగులో రెండు వందల గజాలు పోయి, ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోయింది. వెంట పరుగెత్తిన పదిమంది తోస్తుంటే మరింత లోతుకు దిగుతోంది. డీసీఎం వచ్చి వాగు దిగే చోట ఆగడం చూసి, జయరాజును భుజాల మీద వేసుకుని అందరూ వెనక్కి పరుగెత్తుకొచ్చారు. మొదటి టైరు దగ్గర సాంసన్ అప్పటికే మోకరిల్లి ఉన్నాడు.

జయరాజు భార్య జమ్ములమ్మ అతని పక్కనే కూలబడింది. “అన్నా, ఇంక ఎంతసేపు?”

“ఒక్కొక్కటి రెండు నిమిషాలు చెల్లె. ఆరు టైర్లు.”

“అయ్యో, అప్పటిదాక ఆగడే మనిషి!” ఆమె కొప్పులో నుంచి సూది లాగింది. “నాకు చూపియ్యి. యాడ ఒత్తాలె?”

“వద్దు, ఒక్క చెయ్యే…”

“ఒక్క చెయ్యేంది? ఇంతమందిమి ఉన్నం, ఏం చేతులు లేవా మాకు? చూపియ్యి!”

అడిగినట్లు లేదు, కసిరినట్లు ఉంది. సాంసన్ వాల్వు చూపించాడు. చూపించాక ఇంకెవరూ ఆగలేదు. మాసయ్య ఒక మేకు దొరకబుచ్చుకున్నాడు. శ్రవణ్ కుమార్ బండి తాళంచెవి మొనతోనే రెండో టైరు మీద పడ్డాడు. ఇంకో ఇద్దరు బండి కిందికి దూరి లోపలి టైర్లు పట్టుకున్నారు. ఆరు చోట్ల ఒక్కసారిగా గాలి బుసకొట్టింది.

“ఎప్పుడు ఆపాలె?” బండి కింద నుంచి ఎవరో అరిచారు.

ఉన్నది ఒక్క గేజీ, టైర్లు ఆరు. అందరి ముఖాలూ తన వైపే తిరిగాయి. సాంసన్ నోరు తెరిచాడు. నాలుగేళ్లు మూసి ఉన్న గొంతు మొదట కీచుమన్నది. ఆ తర్వాత మొదటి చరణం, నిమ్మళంగా, ఆరుగురికీ వినపడేంత గట్టిగా, చివరిదాకా పాడాడు. “ఇగ ఆపుండ్రి” అన్నాడు. ఆరు చేతులూ ఆగాయి.

రెండో చరణంతో పని పడలేదు.

బండి వాగులో దిగింది. ఆరుగురి చేతులు తగిలిన బండి. ఏ క్షణాన ఒక దిక్కుకు గుంజుతుందోనని సాంసన్ స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టాడు. అది ఎటూ గుంజలేదు. మైలు దూరం తిన్నగా నడిచి ఒడ్డెక్కింది. జయరాజుకు రెండు వేళ్లు పోయాయి, ప్రాణం నిలబడింది.

తిరుగుదారిలో మాసయ్య వెనక ఎక్కలేదు. క్యాబిన్ తలుపు తీసి, తువ్వాలనూ సద్దిగిన్నెనూ పక్కకు జరిపి, సాంసన్ పక్కన కూర్చున్నాడు. “ఆనాడు నువ్వు జేసిందే రైటు బావా. మాకే సమజ్ కాలే” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

నాలుగేళ్లుగా సాంసన్ ఎదురుచూసిన మాట అది. వచ్చింది. కానీ ఆ మాటను అందుకోవలసిన చోట అతనిలో వేరే లెక్క నడుస్తోంది. ఆరుగురికి రెండు నిమిషాలు. ఆనాడు వాగు దగ్గర ముగ్గురున్నారు. ముగ్గురికి నాలుగు నిమిషాలు. పన్నెండు కాదు, నాలుగు. నేను కూడా చేస్తానని అడిగింది కన్నకూతురే.

మర్నాడు ఖాజా మియా దుకాణానికి పోయాడు. ముసలాయన నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

“చాచా, నిన్న ఆరుగురు ముట్టిండ్రు. బండి గుంజలే.”

ఖాజా మియా చేతిలోని ట్యూబు నీళ్లలోనే ఉండిపోయింది. “ఖాళీ బండా?”

“మనుషులే ఉండె.”

“నేను చెప్పింది పది టన్నుల రాయి మోసే లారీ మాట బేటా. సముద్రం కట్ట మీద జర వంగినా పోతం కాబట్టి చెప్పిన. వాగుల పోయే ఖాళీ బండికి ఏం గాదు.” బీడీ ముట్టించబోయి ఆపేశాడు. “ఇన్నేండ్లు నువ్వు అడగలే. నేను చెప్పలే.”

ఆ మధ్యాహ్నమే స్వరూప ఫోన్ చేసింది. ఏడుపును మింగుతూ మాట్లాడింది. “మాసయ్య మామ అంతా చెప్పిండు నాన్నా. నువ్వు ఆగకపోతే అసలు దాటనే దాటకపోతుండె అంటుండు. ఊర్ల అందరు అదే అంటుండ్రంట. నేనే పిచ్చిదాని లెక్క… నన్ను మాఫ్ చెయ్యి నాన్నా. ఈస్టర్‌కు వస్త. రెండు దినాలుంట.”

సాంసన్ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు. కూతురి గొంతులో తన కోసం అంత మెత్తదనం నాలుగేళ్లలో వినలేదు. సరే బిడ్డా అంటే చాలు. ఇల్లు మళ్లీ ఇల్లవుతుంది. రెండు రోజులపాటు పొయ్యి మీద కూర వాసన వస్తుంది. నిజం తెలిసినవాళ్లు ఇద్దరే: తానూ, ఖాజా మియా. మూడో మనిషికి చెప్పమని అడిగే చట్టం ఏదీ లేదు. ఊరు నిర్దోషి అన్నది, కూతురు నిర్దోషి అన్నది. ఇంత ఆలస్యంగా దొరికిన తీర్పును చేతులారా చెరుపుకునేవాడెవడు?

“నువ్వు ఒకసారి ఎంతసేపు పట్టిందని అడిగినవ్ యాదికుందా?” అన్నాడు.

“ఇప్పుడెందుకు నాన్నా అదంతా. వదిలెయ్యి.”

“ఆదివారం నీకు డ్యూటీ ఉందా?”

“లేదు. ఎందుకు?”

“ఊరికెనే” అని పెట్టేశాడు.

ఆదివారం పొద్దున బండి తాళం మాసయ్య చేతిలో పెట్టాడు. దానితో పాటు ఆరు మేకులు, సుతిలితో కట్టి. “ఎవరికన్న అవసరం పడితే ఆరుగురు పట్టుండ్రి. పాట మీకు వచ్చు గద” అన్నాడు.

“నువ్వు యాడికి బావా, బండి లేకుంట?”

“గద్వాలకు. బస్సుల పోత.”

“బిడ్డ మంచిగ మాట్లాడింది గద, ఇంక పరేషాన్ ఏంది నీకు?”

సాంసన్ వాగులో దిగి, మైలు దూరం ఇసుకలో ఒక్కడే నడిచాడు. అడుగు వేసిన చోటల్లా కాలు చీలమండ దాకా దిగుతోంది. అవతల రాతి పలక దగ్గర నిలబడి చెప్పుల్లోని ఇసుక దులుపుకున్నాడు. కోడేరులో వనపర్తి బస్సు ఎక్కాడు, వనపర్తిలో గద్వాల బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన ఎవరో ముసలమ్మ కూర్చుని, “ఎటు పోతున్నవ్ నాయనా?” అని అడిగితే, “బిడ్డ దగ్గరికమ్మా” అన్నాడు. మనిషి అంత దగ్గరగా కూర్చోవడం అలవాటు తప్పి, భుజం ముడుచుకున్నాడు.

చెప్పవలసిన మాటలు లోపల ఆరుసార్లు చెప్పుకుని చూశాడు. ప్రతిసారీ ఒక సాకు వచ్చి చేరేది: ఖాజా మియా చెప్పాడని, అలవాటని, భయమని. ఒక్కొక్కదాన్నే తీసేస్తూ పోయాడు. గద్వాల బస్టాండులో దిగేసరికి మిగిలినవి మూడే. పన్నెండు నిమిషాలు పట్టింది బిడ్డా. నాలుగు నిమిషాలల్ల అయ్యేది. నువ్వు చేస్తనన్నవ్, నేనే వద్దన్న.

ఈ మాటల తర్వాత ఆమె ఈస్టర్‌కు రాకపోవచ్చు. ఇంకెప్పుడూ రాకపోవచ్చు. అయినా ఫోన్‌లో కాదు, ఆమె ముఖం చూస్తూ, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాలని నిర్ణయించుకుని, దవాఖాన దారి అడగడానికి సాంసన్ ఆటోల వైపు నడిచాడు.